కాంటా మీద సిమెంటు ముక్క

సికింద్రాబాద్‌లో ఒక దుకాణంవాడు నాకు సిమెంటు ముక్కను కరెంటు సామాను ధరకు అమ్మాడు. ఇది జరిగింది. సాక్ష్యం అక్కర్లేదు, సిద్దిపేటలో సగం బజారు చూసింది. వాడి దుకాణం ఇంకా ఉందట. వాడు ఇంకా అమ్ముతూనే ఉంటాడు. నన్ను మాత్రం పాత బస్టాండు దగ్గర వెనకనుంచి 'సిమెంటు సిద్ధయ్య' అంటారు. ఎదురుగా అనేవాడు ఇంకా పుట్టలేదు.

ఆ కథను బజారు నవ్వుకోవడానికి చెప్పుకుంటుంది. జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాస్తాను.

అది సకల జనుల సమ్మె కాలం. బడులు మూశారు, ఆఫీసులు మూశారు, బస్సులు డిపో దాటలేదు. గనుల్లో బొగ్గు తీసేవాళ్లు కూడా పని ఆపేశారు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. వచ్చినా సన్నగా వచ్చేది. వరి పొట్ట మీదుంది. రైతు ఆగుతాడా? ఆ సన్న కరెంటుకే స్టార్టర్ నొక్కేవాడు. మోటరు కాసేపు మూలిగి కాలిపోయేది. కాలిన మోటరు నా దగ్గరికి వచ్చేది.

నాది మోటర్ల వైండింగ్ దుకాణం. కాలిన మోటరు లోపలి రాగి తీగ తీసేసి కొత్త తీగ చుట్టడం నా పని. ఊరంతా జీతాల్లేక ఎండుతున్న కాలంలో నా దుకాణం ముందు మోటర్లు కుప్పపడ్డాయి. నేను ఎవరి మోటరూ కాల్చలేదు. రైతుల పని గనుక బంద్ రోజున సగం షట్టరు లేపినా ఎవరూ అడ్డం చెప్పలేదు. కానీ రోడ్డుకు ఆవల, నాకు సరిగ్గా ఎదురుగా, సమ్మె డేరా వేశారు. పంతుళ్లు, గుమాస్తాలు, బస్సు డ్రైవర్లు అందులో కూర్చునేవాళ్లు. పొద్దున నేను షట్టరు లేపుతుంటే చూసేవాళ్లు. ఒక్కరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ చూపులకు జవాబుగా నా జనరేటర్ నుంచి ఒక వైరు లాగి డేరాలో మైకుకు, ఫ్యాన్లకు కరెంటు ఇచ్చాను. సిద్ధయ్యకు ఉద్యమమంటే ప్రాణమని వాళ్లు మైకులో చెప్పారు. నేను కాదనలేదు.

నా దగ్గర పనిచేసే యాదగిరి జెండా పట్టుకొని డేరాలోకి పోయాడు. "రాష్ట్రం వచ్చినంక వస్త ఓనరూ" అన్నాడు. వాడి స్టూలు మీద నా బిడ్డ రిషిత కూర్చుంది.

ఆ పేరు నా భార్య సుమిత్ర ఎక్కడో విని పెట్టింది. మా వాడలో ముసలివాళ్లకు నోరు తిరగక రిసిత అనేవాళ్లు. సుమిత్ర పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఉప్పుందా, ఉంది. తిన్నవా, తిన్న. అంతకుమించి మాటలు లేవు. రిషిత ఇంటర్ చదువుతోంది. కాలేజీ బంద్.

"సమ్మె అయ్యేదాక కూసుంటవా?" అని అడిగాను.

"కూసుంట. మరి నాకేంది?"

"ఏం కావాలె?"

"కంప్యూటర్. ఆటలాడే కంప్యూటర్."

"చదువుకునే కంప్యూటర్ అను."

"చదువుకునేది కాదు బాపూ. ఆటలాడే దాంట్ల చదువుకోవచ్చు. చదువుకునే దాంట్ల ఆడరాదు."

సరేనన్నాను. పైకం ఇంత, అది దాటితే లేదు అన్నాను. తలూపింది.

మోటరులో తీగచుట్టలను గాడుల్లో దింపడానికి బలం పనికిరాదు. వేలు కావాలి. రిషిత వేళ్లు సన్నం. మొదటి వారం నేను చుట్టింది చూసి తను చుట్టింది. తర్వాత చూడ్డం మానేసింది. బాగుందని నేను ఎప్పుడూ అనలేదు. మా పనిలో అట్లా అనరు. బాగలేకుంటే అంటారు. బాగుంటే తీసి పక్కన పెడతారు. నేను పక్కన పెట్టేవాణ్ణి. అదే మెప్పు. ఆ సంగతి రిషితకు తెలుసనే అనుకున్నాను.

*

షోయబ్‌ది మా పక్క నెట్ సెంటరు. అక్క మునీరా గల్లా మీద కూర్చుంటుంది, అతను కంప్యూటర్లు బిగిస్తాడు, బాగుచేస్తాడు. సుమిత్ర పోయిన కొత్తలో రిషిత కాలేజీ విడిచాక అక్కడే ఉండేది. మునీరా దగ్గర ఉంది కదా అని నేను అడిగేవాణ్ణి కాదు. అక్కడే ఆటలు మరిగింది. కరెంటు లేక నెట్ సెంటరు మూతపడ్డాక షోయబే మా దుకాణానికి వచ్చేవాడు. నా జనరేటర్‌కు ఫోను తగిలించి మోటరు మీద కూర్చునేవాడు. రిషిత కాయిల్ చుడుతూ అడిగేది, అతను చెప్పేవాడు.

"ఐదేండ్లు నడవాలె షోయబన్నా."

"ఐదేండ్లు గవర్నమెంటే నడుస్తలేదు చెల్లే, కంప్యూటర్ నడుస్తదా?"

"నడిపిస్త. ప్రాసెసర్ నడిమిది సాలు. బోర్డు మాత్రం మంచిది కావాలె. రేపు పెద్ద ప్రాసెసర్ అగ్గువకు దొరికితే గదే బోర్డుల కూసోవాలె."

"మరి గ్రాఫిక్స్ కార్డు? ఆటకు పానమే గది."

"ఇప్పుడు చిన్నది. రెండేండ్లకు మార్చుకుంట. అన్నిటికన్న ముందు ఎస్ఎంపీఎస్. దాంట్ల కక్కుర్తి పడను."

అదేంది అని అడిగాను. గోడ కరెంటును లోపలి సామానుకు తగినట్టు మార్చి పంచిపెట్టే డబ్బా అని షోయబ్ చెప్పాడు. ధర విన్నాను.

"డబ్బాకు గంతనా? లోపట బంగారు తీగ చుట్టిన్రా?"

"ప్రాణం దాని చేతుల్నే ఉంటది కాకా. గది సెడితే మిగిలినయన్ని పట్టుకొనే పోతది."

"బాపూ, నువ్వు రైతులకు చెప్తవ్ గద" అంది రిషిత, చేతిలో పని ఆపకుండా. "పంపు జర తక్కువది తెచ్చుకోరి గని, కేబుల్ల మాత్రం కక్కుర్తి పడకున్రి అని. ఇది గూడ గంతే."

నేను చెప్పే మాటే. కానీ అక్కడ చంద్లాపూర్ ఎల్లన్న కూర్చొని ఉన్నాడు. బావి మీది మోటరు కాలి తెచ్చాడు. బీడీ తీసి పకపకా నవ్వాడు.

"నీ మందు నీకే తాపింది సిద్ధన్నా, బిడ్డ!"

"కరెంటు సంగతి నాకు చెప్పేటంత పెద్దోళ్లయిన్రు" అన్నాను.

"ఏం సదువుకు బిడ్డా, కంప్యూటరు?" ఎల్లన్న అడిగాడు.

"ఇంజినీరింగుకు" అన్నాను నేను.

"ఆటలకు కాకా" అంది రిషిత.

నేను చెప్పిన పైకంలోనే ఆమె అన్నీ కుదిర్చింది. కార్డు తగ్గించింది, డబ్బా తగ్గించలేదు. నాకది తలకిందుల లెక్క అనిపించింది. ఆట కార్డుతో అయితే డబ్బాకు ఎందుకు పోయాలి? అప్పుడు అనలేదు. ఎల్లన్న ముందు మళ్లీ మాట పడటం ఇష్టం లేక ఊరుకున్నాను.

*

బస్సులు లేవు. సికింద్రాబాద్‌కు కూరగాయలు పోయే డీసీఎం బండిలో నేనూ షోయబ్ పోయాం. రిషిత తానూ వస్తానంది. ఎల్లన్న మోటరు విప్పి పెట్టి ఉంది. ఆయన మడి నెర్రెలు పడుతోంది, రోజుకోసారి వచ్చి మోటరును ముట్టుకొని పోతున్నాడు.

"నువ్వు ఉండి అది చుట్టు" అన్నాను.

"ఒక్కదాన్నే? మొత్తమా?"

"రాదా?"

"వస్తది" అంది.

సికింద్రాబాద్ దుకాణంలో రిషిత చెప్పినవన్నీ ఒక్కొక్కటే అద్దం మీదికి వచ్చాయి. ఆమె చెప్పిన డబ్బా వచ్చింది. దాని ధరకు నా నోరు చేదయింది. ఇంకోటి చూపించమన్నాను. వాడు లోపలికి పోయి ఇంకోటి తెచ్చాడు. నేను ఒక్కో చేతిలో ఒక్కోటి పట్టుకున్నాను.

నా చేయి రాగిని తూచి బతికిన చేయి. రైతు పాత తీగ తెస్తే కాంటా మీద పెట్టకముందే ఎంతుందో చెబుతాను. కరెంటు సామానులో బరువంటే రాగి, రాగి ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఇది తప్పుడు సూత్రం కాదు. దాంతోనే ఇల్లు నిలిపాను. రెండో డబ్బా మొదటిదానికంటే బరువుంది. ధర సగం కూడా లేదు.

"గిది రాగి" అన్నాను.

దుకాణంవాడు నా చేతుల వైపు చూశాడు. వార్నిష్ మరకలు చూశాడు. "పెద్దాయనకు తెలుసు. బరువు అబద్ధం చెప్పదు కదా" అన్నాడు.

అది కూడా నేను చెప్పే మాటే.

"కాకా" అని షోయబ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "రిషిత చెప్పింది గిది కాదు. గీ కంపెనీ పేరే నేను వినలే."

"నువ్వెప్పుడన్న వైండింగ్ చేసినవా?"

"లేదు."

"మరి ఊకో."

ఊరుకున్నాడు. నాకంటే చిన్నవాడు, పది మందిలో నా మాట తీసెయ్యలేదు. అందుకు కూడా అతన్ని నేను క్షమించలేదు.

మిగిలిన పైకం నేను జేబులో వేసుకోలేదు. ఇది బజారు చెప్పదు. దాంతో కార్డు పెద్దది ఇప్పించాను. రిషిత తగ్గించుకున్న కార్డు కాదు, రెండేళ్ల తర్వాత కొనుక్కుంటానన్న కార్డు. డీసీఎంలో తక్కిన సామాను షోయబ్ పట్టుకున్నాడు. కార్డు పెట్టె మాత్రం నా ఒడిలో పెట్టుకున్నాను. సుమిత్ర ఉంటే ఏమనేదో అని ఆలోచిస్తూ వచ్చాను.

రిషిత పెట్టెలు విప్పింది. కార్డు చూసి నోరు మీద చెయ్యి పెట్టుకుంది. "బాపూ" అంది. అంతే అంది. నాకు అది చాలు. తర్వాత డబ్బా తీసింది.

"గిదేంది?"

"ఎత్తి సూడు."

ఎత్తింది. చెయ్యి కిందికి గుంజింది. షోయబ్ వైపు చూసింది. షోయబ్ రోడ్డు చూస్తున్నాడు.

"బరువున్నది" అంది.

"మరి!"

"వాపస్ ఇస్తె తీస్కుంటరా బాపూ? కార్డు పెద్దదైతే కరెంటు ఇంక ఎక్కువ గుంజుతది."

"బస్సులు నడిచినంక సూద్దాం. ఎల్లన్న మోటరు అయిందా?"

"అయింది."

పోయి చూశాను. తీగచుట్టలు దువ్విన జడల్లా పడుకున్నాయి. చుట్టలు కదలకుండా దారంతో కడతాం. నేను వేసే ముడి వేరు. ఆమె వేసింది సుమిత్ర ముడి. చామంతులు మాల కట్టేటప్పుడు సుమిత్ర వేలికి మెలితిప్పి వేసేది, అది. ఒక్క ముడి కూడా వదులు లేదు. చాలాసేపు చూశాను. వార్నిష్ పోసి ఎండలో పక్కన పెట్టాను.

*

కంప్యూటరును రిషితే బిగించింది. దుకాణంలో వెనక బల్ల మీద పెట్టాం, జనరేటర్ ఉండేది అక్కడే గనుక. అది నడిచిన రోజులు తక్కువ. ఆ తక్కువ రోజుల్లో నా దుకాణం ఎప్పుడూ లేనట్టు ఉంది.

డేరాలోవాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటి వచ్చారు. మధుసూదన్ సారు రిషితకు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాడు. ఆ రోజు రిలే దీక్షలో ఆయన వంతు. మెడలో పూలదండతోనే వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"ఉపాసమున్నోడు ఆటలాడద్దని రూలు ఉన్నదా అమ్మా?"

"లేదు సార్. గిది కారు. గీ బటన్ ఒత్తితే పోతది."

సారు కారును గోడకు కొట్టాడు. వెనక్కి తీసి ఇంకో గోడకు కొట్టాడు.

"సారూ, బ్రేకు! బ్రేకు!"

"నాకు స్కూటరే సక్కగ రాదమ్మా, కారెక్కిచ్చినవ్."

రిషిత నవ్వింది. బల్ల పట్టుకొని వంగి నవ్వింది. సుమిత్ర పోయాక ఆ నవ్వు నేను వినలేదు. మోటరు విప్పుతూ తల ఎత్తకుండా విన్నాను.

"మంచి మిషన్ సిద్ధయ్యా" అన్నాడు సారు. "మాకు జీతాల్లేవు గని, నీ దయతోని కార్లల్ల తిరుగుతున్నం."

హాస్యానికే అన్నాడు. నాకు తగిలింది. తగిలిన మాటకు జవాబుగా నేను డబ్బా మీద చెయ్యి వేశాను. "సప్లై నేను తెచ్చిన సారూ. బరువు సూసి తెచ్చిన. మిగిలినయి ఎన్ని పెట్టినా సప్లై సక్కగుంటెనే నడుస్తది."

ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాను. రిషిత ప్రతిసారీ తెర వైపు చూస్తూ ఊరుకుంది. ఆమె ఊరుకున్న కొద్దీ నేను గట్టిగా చెప్పాను.

*

సద్దుల బతుకమ్మ ముందురోజు. రోడ్డు మీద తంగేడు పువ్వు, గునుగు పువ్వు కుప్పలు పోసి అమ్ముతున్నారు. డేరాలో ఆడవాళ్లు మైకులో పాట అందుకున్నారు. ఎల్లన్న మోటరు ఆరింది. పొద్దునే నేను మూత బిగించాను. ఆయన ట్రాలీ ఆటో తెచ్చి, ఇంకో మనిషితో కలిసి మోటరును ఎక్కిస్తున్నాడు. ఆయన వెనక నలుగురైదుగురు రైతులు కాలిన మోటర్లతో కూర్చొని ఉన్నారు. రిషిత ఆడుతోంది. షోయబ్ వెనక నిలబడి చూస్తున్నాడు.

టపాసు పేలినట్టు చప్పుడైంది. తెర నల్లబడింది. పెట్టె వెనకనుంచి పొగ లేచింది.

నేను పరుగెత్తి జనరేటర్ ఆపాను. ఆపకూడదా? ఎవరైనా అదే చేస్తారు. జనరేటర్ ఆగితే డేరాలో మైకు ఆగింది. పాట మధ్యలో తెగింది. ఫ్యాన్లు ఆగాయి. డేరా మొత్తం నా దుకాణం వైపు తిరిగింది. రోడ్డు మీద అంత నిశ్శబ్దం ఆ నెలంతా లేదు. ఆ నిశ్శబ్దం నేను చేసిందే. అందులో నేను అరిచాను.

"నీ చెయ్యి వడ్డదేదీ నిలువది! ఏది చుట్టినా, ఏది బిగించినా కాలుడే!"

కాలిపోయింది నేను తెచ్చిన డబ్బా. నేను దాని మీద చెయ్యి వేసి ఊరందరికీ చెప్పిన డబ్బా. అది నాకు ఆ క్షణమే తెలుసు. వాసన బట్టి తెలుసు. అందుకే అరిచాను.

ఎల్లన్న మోటరును సగంలో ఆపాడు. ఆటోలోంచి మళ్లీ కిందికి దించాడు.

"సిద్ధన్నా, గీ మోటరు ఎవలు చుట్టిన్రు?"

వెనకనున్న రైతులు లేచి నిలబడ్డారు.

"కోపం చేయకు. అడుగుడు తప్పు గాదు. నాకున్నది ఒక్కటే మడి. మల్ల కాలితె నేను మునుగుత. సక్కగ చెప్పు, ఎవల చెయ్యి?"

బిడ్డ చెయ్యి అంటే మోటరు అక్కడే వదిలిపోతాడు. మిగిలినవాళ్లూ పోతారు. బిడ్డ చెయ్యే, నా చెయ్యి కంటే మంచిది అంటే, ఇప్పుడే అరిచింది అబద్ధమవుతుంది. డేరా మొత్తం చూస్తోంది.

"నేనే" అన్నాను. "అది నా చెయ్యే."

రిషిత బల్ల దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు. స్క్రూడ్రైవరు తీసుకుంది. పెట్టె పక్క రేకు విప్పింది, డబ్బా ఊడదీసింది. నా బెంచీ మీద పెట్టింది. డబ్బాను విప్పి, లోపల చెయ్యి పెట్టేముందు, మిగిలిపోయిన కరెంటు దిగిపోవడానికి స్క్రూడ్రైవరు మొనను తాకించింది. మోటరు కెపాసిటర్లకు అట్లా చేయాలని నేను నేర్పిందే. అంత కోపంలోనూ మరచిపోలేదు.

లోపల చిన్న పచ్చబోర్డు, దాని మీద మాడిన మరక, నా బొటనవేలంత కాయిల్. ఒక మూలకు బూడిదరంగు ముక్క అతికించి ఉంది. రిషిత దాన్ని గీకింది. పొడి రాలింది. మొన పెట్టి ఎత్తి ఊడబీకింది. అరచేతిలో పట్టుకొని, పాత రాగి తూచే కాంటా దగ్గరికి పోయి, పళ్లెంలో పెట్టింది. పళ్లెం దిగింది.

"సూడు బాపూ" అంది. "బరువు మంచిగనే ఉన్నది."

గొంతు పెంచలేదు. పెంచనక్కర్లేదు, అంతా నిశ్శబ్దమే కదా.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. నవ్వులు తర్వాత వచ్చాయి. డేరా అంచున ఎవరో "సిమెంటా?" అన్నారు. "ఊకోరి" అన్నాడు మధుసూదన్ సారు. యాదగిరి జెండాకర్ర దించి నేల చూశాడు. వాళ్లు నవ్వి ఉంటే తిట్టేవాణ్ణి. ఒక్కరూ ఆ అవకాశం ఇవ్వలేదు.

ఎల్లన్న కాంటాను చూశాడు. నన్ను చూశాడు. రిషిత చేతులను చూశాడు. గోళ్ల నిండా వార్నిష్. రైతు తెలివితక్కువవాడు కాదు. ఈసారి నన్ను అడగలేదు.

"బిడ్డా, నువ్వు చెప్పు. గీ మోటరు నడుస్తదా?"

నేను రిషిత నోరు చూస్తున్నాను. ఒక్క మాట అంటే చాలు. ఇంత వయసులో అంత భయం నాకు ఎప్పుడూ లేదు.

"నడుస్తది కాకా" అంది. "మా బాపు చుట్టిండు."

ఎల్లన్న తలూపాడు. మోటరు ఆటో ఎక్కించుకొని పోయాడు. రైతులు మళ్లీ కూర్చున్నారు. రిషిత కిరసనాయిలుతో చేతులు తుడుచుకుంది. సబ్బుతో కడిగింది. గోళ్లు ఒక్కొక్కటే కడిగింది. తర్వాత పోయి జనరేటర్ తాడు గుంజింది. డేరాలో ఫ్యాన్లు తిరిగాయి. మైకు గరగరమంది. పాట మాత్రం వెంటనే మొదలు కాలేదు.

*

తెల్లారి ఆమె మా దుకాణానికి రాలేదు. షోయబ్ దుకాణానికి పోయింది. మునీరా పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. నేను అడగలేదు. ఇంట్లో వండిపెట్టింది. తిన్నవా, తిన్న.

సమ్మె ఆగింది. రాష్ట్రం రాలేదు. యాదగిరి వచ్చాడు. "రాష్ట్రం రాలే ఓనరూ, నేనొచ్చిన" అని పళ్లికిలించాడు. పోయి తన స్టూలు మీద కూర్చున్నాడు.

కాలిన సామానులో కార్డు బతికింది. ప్రాసెసర్ బతికింది. బోర్డు పోయింది. షోయబ్ వేరే బోర్డు వేశాడు. ఆమె మొదట చెప్పిన డబ్బానే తెప్పించి వేశాడు. దానికి బదులుగా ఆమె అతని దగ్గర పని చేసింది. పని నేర్చుకుంది. బాగా చేసినప్పుడు బాగుందని అతను పైకే అనేవాడు. ఆ మాట మా గోడ ఇవతలికి వినిపించేది. షోయబ్ నా బిడ్డకు చేసిన ఉపకారాన్ని నేను క్షమించను.

ఇప్పుడామె హుస్నాబాద్‌లో ఉంది. సొంత దుకాణం. ఒకసారి పోయినప్పుడు ఆ కంప్యూటరు అక్కడ చూశాను. అదే పెట్టె. కార్డు మారింది. ప్రాసెసర్ పెద్దది వచ్చింది, షోయబ్ వేసిన బోర్డులోనే కూర్చుంది. డబ్బా మారలేదు. ఐదేళ్లు దాటి చాలా కాలమైంది. ఎవరో పిల్లలు దాని మీద ఆడుతున్నారు. ఆమె నాకు చాయ్ ఇచ్చింది. ఆరోగ్యం అడిగింది, వానలు అడిగింది. అన్నీ మాట్లాడుతుంది. కరెంటు మాట మాత్రం మా మధ్య రాదు. మా దుకాణానికి వచ్చినా గడప దగ్గరే నిలబడుతుంది. ఆ రోజు తర్వాత ఆమె రాగి తీగ ముట్టింది నేను చూడలేదు.

రాష్ట్రం వచ్చింది. కరెంటు రోజంతా వచ్చింది. చంద్లాపూర్ పక్కన ఇప్పుడు కొత్త రిజర్వాయరు నిండి ఉంది. మోటర్లు కాలడం తగ్గింది. ఊరికి మంచిదే.

ఎల్లన్న మోటరు ఇంతవరకు నా దగ్గరికి తిరిగి రాలేదు. కాలలేదు. సంతలో, పెళ్లిళ్లలో ఎక్కడ కనపడినా పది మంది ముందు నా చెయ్యి పట్టుకుంటాడు. "గీ చెయ్యి సల్లగుండ" అంటాడు. "అప్పుడు చుట్టిందే ఇంకా నడుస్తున్నది. ఇసొంటి చెయ్యి జిల్లాలనే లేదు." నిజంగా అంటాడో, తెలిసే అంటాడో నేను ఎన్నడూ తేల్చుకోలేదు. ఆ మోటరు మూత విప్పితే లోపల దారం ఉంటుంది. దారానికి సుమిత్ర ముడి ఉంటుంది. ఆయన విప్పడు. విప్పే అవసరం రాలేదు.

నేను చెయ్యి వెనక్కి తీసుకొని వస్తాను.

సిమెంటు గురించి ఎవరు ఎంత నవ్వుకున్నా నాకు పట్టదు. నవ్వండి. ఆ మోటరు గురించి మాత్రం నన్ను ఎవరూ అడగొద్దు. నా బిడ్డ ఒక్కనాడూ అడగలేదు. నేను చెప్పలేదు. ఈ ఒక్కసారి రాశాను. ఇక దీని మీద నా నోటినుంచి మాట రాదు.